కొత్త లైట్ రైల్ లైన్ తెరిచాక మొదటి ఆరు నెలల్లో ఏం గమనించాలి?

నీలిగీత

నేను రోజూ ఆఫీసుకు వెళ్లే రోడ్డు మీద కొత్త లైట్ రైల్ లైన్, అంటే రోడ్డులో వేసిన పట్టాల మీద నడిచే ట్రామ్, వచ్చే నెల మొదలవుతోంది. ఖాళీ బండ్లు పొద్దున్నించి రాత్రి దాకా తిరుగుతూనే ఉన్నాయి. ముందు బోర్డు మీద "ట్రయల్ రన్" అని ఉంటుంది, లోపల మనుషులుండాల్సిన చోట వరసగా ఇసుక బస్తాలు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన లైన్ కాబట్టి చాలా సంతోషంగా ఉంది.

ఓపెనింగ్ హడావిడి గురించి అడగడం లేదు. రిబ్బన్ కటింగ్, సెల్ఫీలు ఎలాగూ ఉంటాయి. ఆ తర్వాత మొదటి ఆరు నెలల సంగతి తెలుసుకోవాలని ఉంది. ఏ ఇబ్బందులు వాటంతట అవే సర్దుకుంటాయి? ఏవి మొదట్లోనే పట్టుకోకపోతే పాతుకుపోతాయి? నా మటుకు నాకు, లైన్ బాగుందో లేదో తేల్చేది బండి రంగో స్టేషన్ అందమో కాదు, రోడ్డు మీది సిగ్నళ్లు, పక్కన నడిచే బస్సులు అనిపిస్తుంది. ఈ పనుల్లో ఉన్నవాళ్లు, ఇలాంటి లైన్లు తెరవడం దగ్గర్నుంచి చూసినవాళ్లు చెప్పండి.

రాత్రిబండి

నేను ట్రామ్ డ్రైవర్ని. కొత్త లైన్ తెరవకముందు ట్రయల్ రన్‌లో బండి నడిపినవాణ్ని. ముందు ఆ ఇసుక బస్తాల సంగతి.

30 మీటర్ల ట్రామ్‌లో నిలబడ్డవాళ్లతో కలిపి దాదాపు 200 మంది పడతారు. అంటే సుమారు 14 టన్నుల బరువు. ఖాళీ బండి ఆగినట్టు నిండు బండి ఆగదు. ఎత్తు ఎక్కేటప్పుడు మోటార్లు ఎంత కరెంటు లాగుతున్నాయి, ఒకే సబ్‌స్టేషన్ కింద రెండు మూడు బండ్లు ఒకేసారి కదిలితే వోల్టేజీ ఎంత పడిపోతోంది, ఇవన్నీ బరువు వేస్తేనే తెలుస్తాయి. ఆ పనికి మనుషుల్ని వాడరు కాబట్టి ఇసుక.

రెండోది, ట్రయల్ రన్ బండి కోసం ఎంతో డ్రైవర్ల కోసం కూడా అంతే. గంటకు 50 కి.మీ. వేగంలో ఉన్న ట్రామ్ మామూలు బ్రేకుతో ఆగాలంటే 80 మీటర్ల దాకా కావాలి. ఎమర్జెన్సీ బ్రేకు వేస్తే, అంటే పట్టాను పట్టుకునే అయస్కాంత బ్రేకులు కూడా దిగితే, సగం దూరంలో ఆగుతుంది. కానీ అలా ఆపితే లోపల నిలబడ్డవాళ్లు పడిపోతారు. అందుకే ఏ మలుపు ముందు ఎక్కడ వేగం తగ్గించాలో, ఏ సందులోంచి హఠాత్తుగా ఓ కారు ముక్కు బయటికి పెడుతుందో, ఏ బడి దగ్గర ఎన్నింటికి పిల్లలు రోడ్డు దాటుతారో చేతికి అలవాటు కావాలి. కాగితం మీద నేర్పితే వచ్చేది కాదు. తేదీ ముంచుకొస్తోందని ఈ రోజుల్ని కోసేస్తే ఆ లోటు ఓపెనింగ్ తర్వాత ప్రయాణికులతో నిండిన బండిలో బయటపడుతుంది.

మూడోది, రోడ్డు మీద మిగతావాళ్లకు కూడా ఇది ట్రయలే. పక్కన ట్రామ్ వస్తోందని చూడకుండా మలుపు తిప్పే కార్లు మొదటి నెలల్లో మాకు పెద్ద టెన్షన్. గంట కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పి పుడుతుంది.

పాతపట్టా

రాత్రిబండి గారు చివర్లో చెప్పినదానికి అమెరికాలోని హ్యూస్టన్ పెద్ద ఉదాహరణ. అక్కడ 12 కి.మీ. లైన్ 2004 జనవరి 1న మొదలైంది. మొదటి ఏడాదిలోనే 60కి పైగా ఢీకొట్టుకున్న ఘటనలు జరిగాయి. ఎక్కువ భాగం కార్లు ట్రామ్ ముందుకు అడ్డంగా మలుపు తిరగడం వల్లే. తర్వాత సిగ్నళ్లు, బోర్డులు, మలుపు నిబంధనలు మార్చుకుంటూ వచ్చారు.

ట్రయల్ రన్ కోసేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే కెనడాలోని ఒట్టావా గురించి చదవండి. అక్కడి కాన్ఫెడరేషన్ లైన్ 12.5 కి.మీ., 13 స్టేషన్లు. 2018లో తెరవాల్సింది, చివరికి 2019 సెప్టెంబర్ 14న తెరిచారు. తెరవడానికి ముందు 12 రోజుల ట్రయల్ పరీక్ష పెట్టారు. మధ్యలో పాస్ మార్కు 98 శాతం నుంచి 96 శాతానికి తగ్గించారు. రెండు శాతమే కదా అనిపిస్తుంది. కానీ తెరిచిన కొద్ది వారాలకే తలుపులు మొరాయించాయి, చలికాలం వచ్చేసరికి చక్రాలు చదునుబారాయి, 2021 ఆగస్టులో ఒకసారి, సెప్టెంబర్‌లో ఇంకోసారి బండి పట్టాలు తప్పింది. రెండోసారి తర్వాత లైన్ మొత్తం 54 రోజులు ఆగిపోయింది. జస్టిస్ విలియం హూరిగన్ అధ్యక్షతన బహిరంగ విచారణ వేశారు, 2022 నవంబర్‌లో నివేదిక వచ్చింది. బండ్లు పూర్తిగా సిద్ధం కాకముందే సర్వీసులో పెట్టారన్నది అందులో ముఖ్యమైన మాట.

నీలిగీత గారూ, ప్రకటించిన తేదీ వాయిదా పడితే తిట్టుకోకండి. వాయిదా వేసినవాళ్ల కంటే వేయనివాళ్ల వల్లే ఎక్కువ బాధ పడ్డ ఊళ్లున్నాయి.

చక్రం

నేను ఎదురు మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. ఇంత డబ్బు, ఇన్నేళ్ల తవ్వకం అవసరమా? అదే రోడ్డు మీద బస్సులకు ప్రత్యేకంగా లేన్ వేసి, సిగ్నల్ దగ్గర బస్సుకు ముందు దారి ఇచ్చి, టికెట్ స్టాపులోనే తీసుకునేలా చేస్తే చాలా తక్కువ ఖర్చులో పని అయిపోతుంది.

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాను చూడండి. 2014 మే 31న తెరిచిన 14 కి.మీ. లైన్‌కు 776 మిలియన్ పౌండ్లు అయ్యాయి. మొదట అనుకున్న లైన్ సముద్రం ఒడ్డున న్యూహేవెన్ దాకా. ఖర్చు పెరిగి, కాంట్రాక్టర్‌తో గొడవలు ముదిరి, ఊరి మధ్యలోనే ఆపేశారు. మిగతా ముక్క 2023 జూన్‌లో గానీ పూర్తి కాలేదు. దాని మీద వేసిన విచారణ 2014లో మొదలై 2023లో ముగిసింది. ఆ డబ్బుతో ఎన్ని బస్సులు వచ్చేవో లెక్క వేయండి.

పాతపట్టా

చక్రం గారూ, ఎడిన్‌బరా విషయంలో మీరు చెప్పిన అంకెలన్నీ నిజమే. అయితే ఆ ఖర్చంతా పట్టాలకు, బండ్లకు అయినది కాదు. రోడ్డు కింద ఏళ్ల నాటి నీళ్ల పైపులు, గ్యాస్, కేబుళ్లు ఎక్కడున్నాయో సరైన మ్యాపులు లేవు. ట్రామ్ పట్టాల కింద పైపులుంటే రిపేరు వచ్చిన ప్రతిసారీ బండ్లు ఆపాలి కాబట్టి అన్నీ పక్కకు జరపాలి. తవ్వితే గానీ ఏముందో తెలియని పని అది. కాంట్రాక్టు రాసుకున్న తీరు కూడా దెబ్బ తీసింది.

బస్సు లేన్ మాట కాదనను. రోజుకు కొద్ది వేల మంది వెళ్లే రోడ్డుకు అదే మేలు. కానీ రద్దీ వేళ నిమిషానికో బస్సు వచ్చి, ఒకదాని వెనక ఒకటి స్టాపు ముందు క్యూ కట్టే రోడ్డయితే, ఇంకో బస్సు వేసినా ముందుకు కదలదు. అక్కడ ఒక డ్రైవర్‌తో 200 మందిని తీసుకెళ్లే బండి కావాలి. ఫ్రాన్స్‌లో 1980ల నాటికి పాత ట్రామ్‌లు మూడే మూడు ఊళ్లలో మిగిలాయి. 1985 జనవరిలో నాంట్ కొత్తగా మొదలుపెట్టింది. ఆ లైన్ వేయించిన మేయర్ ఆలాన్ షెనార్ 1983 ఎన్నికల్లో ఓడిపోయారు. ట్రామ్‌ను వ్యతిరేకిస్తూ గెలిచినవాళ్లు వచ్చేసరికి పని ఆపలేనంత ముందుకు వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ దేశంలో పాతికకు పైగా ఊళ్లలో ట్రామ్‌లు నడుస్తున్నాయి. బస్సులు బాగా నడిపే దేశమే అది. అయినా అటు వెళ్లారంటే ఊరికే కాదు.

ఎర్రపచ్చ

నాది ట్రాఫిక్ సిగ్నళ్ల పని. నీలిగీత గారు సిగ్నళ్ల మాట ఎత్తారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ భాగం బయటివాళ్లకు కనిపించదు, పేపర్లలోనూ రాదు.

రోడ్డు మీద నడిచే లైట్ రైల్ ఎక్కువ సమయం పోగొట్టుకునేది రెడ్ సిగ్నల్ దగ్గర. ఒక లైన్ మీద 20 కూడళ్లున్నాయనుకోండి. ఒక్కో చోట సగటున అర నిమిషం ఆగిందంటే ఒకవైపు ప్రయాణంలో 10 నిమిషాలు పోయినట్టే. ప్రయాణికుడు ఆ 10 నిమిషాలే చూస్తాడు. బండ్లు నడిపేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. సిగ్నళ్ల దగ్గర ఆగకుండా పోయి రావడానికి 80 నిమిషాలు పడితే, 10 నిమిషాలకో బండి నడపడానికి 8 బండ్లు చాలు. పోను 10, రాను 10 పోతే 100 నిమిషాలవుతుంది, అదే సర్వీసుకు 10 బండ్లు కావాలి. అదనంగా కొన్న ఆ రెండు బండ్లు, వాటి డ్రైవర్లు రోజంతా చేసేది రెడ్ లైట్ దగ్గర నిలబడడమే.

దీనికి మందు సిగ్నల్ ప్రాధాన్యం. కూడలికి కొంత దూరంలోనే ట్రామ్ వస్తోందని సిగ్నల్‌ను నడిపే కంట్రోలర్ పెట్టెకు కబురందుతుంది. అప్పటికే గ్రీన్ ఉంటే ట్రామ్ దాటేదాకా కొన్ని సెకన్లు పొడిగిస్తుంది. రెడ్ ఉంటే అడ్డంగా వచ్చే రోడ్డు గ్రీన్‌ను కాస్త ముందే ముగిస్తుంది. ట్రామ్ తోక దాటగానే ఇంకో డిటెక్టర్ "వెళ్లిపోయింది" అని చెబుతుంది, ఆ క్షణమే అడ్డరోడ్డుకు దారి తిరిగి ఇచ్చేస్తారు. సరిగ్గా కుదిర్చితే కార్లవాళ్లు గమనించనంత చిన్న మార్పు ఇది.

అయితే ఇందులో చిక్కేమిటంటే, పరికరాలన్నీ పెట్టి కూడా స్విచ్ ఆన్ చేయకుండా వదిలేసే ఊళ్లున్నాయి. లైన్ కట్టేది ఒక సంస్థ, సిగ్నళ్లు నడిపేది ఇంకో శాఖ. కార్ల క్యూ పెరిగితే ఫోన్లు వచ్చేది రెండోవాళ్లకు. కాబట్టి "ముందు మామూలుగా నడవనివ్వండి, తర్వాత చూద్దాం" అంటారు. మొదటి ఆరు నెలల్లో జనం అడగకపోతే ఆ తర్వాత టైంటేబుల్ ఆ నిదానానికే ఖాయమైపోతుంది. మళ్లీ దాన్ని మార్చడానికి ఎవరూ చెయ్యి పెట్టరు.

సిడ్నీలో 2019 డిసెంబర్ 14న ఎల్2 అనే లైట్ రైల్ లైన్ తెరిచినప్పుడు ముందు చెప్పినదానికంటే బాగా ఎక్కువ సేపు పట్టింది, విమర్శలు గట్టిగా వచ్చాయి. తర్వాత సిగ్నళ్లు సర్దుతూ తగ్గించుకొచ్చారు. జనం ఊరుకోకపోవడం వల్ల మేలే జరిగింది.

నీలిగీత

ఎర్రపచ్చ గారూ, ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు, థాంక్స్ అండీ. మాలాంటి మామూలు ప్రయాణికులు స్విచ్ ఆన్‌లో ఉందో లేదో కనిపెట్టగలరా?

ఎర్రపచ్చ

సులువే. రద్దీ తక్కువ ఉన్న వేళ, రాత్రి తొమ్మిది తర్వాత, ఒక పెద్ద కూడలి దగ్గర నిలబడండి. అడ్డరోడ్డులో కార్లే లేవు, అయినా ట్రామ్ వచ్చి రెడ్ దగ్గర ఆగి, సిగ్నల్ ఒక పూర్తి చుట్టు తిరిగేదాకా కదలకపోతే ప్రాధాన్యం పనిచేయడం లేదని అర్థం. ఇంకో గుర్తు, స్టాపు ఎక్కడుందో చూడండి. కూడలి దాటాక స్టాపు ఉంటే ట్రామ్ రాకను ముందే లెక్కగట్టొచ్చు. కూడలికి ఇవతల ఉంటే మనుషులు ఎక్కి దిగడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట డ్రైవర్ తలుపులు మూసినప్పుడే సిగ్నల్‌కు కబురు వెళ్లేలా పెట్టాలి. లేకపోతే తలుపులు తెరిచి ఉండగా గ్రీన్ వచ్చి పోతుంది, బండి కదిలేసరికి మళ్లీ రెడ్.

రాత్రిబండి

దీనికి నేను సాక్షిని. తలుపులు మూసి, ఎదురుగా రెడ్ చూస్తూ, లోపల జనం గొణుక్కోవడం వింటూ కూర్చోవడం రోజూ ఉండేది ఒక స్టాపులో. సిగ్నళ్లవాళ్లు వచ్చి నా పక్కన కేబిన్‌లో నిలబడి ఒక రౌండ్ తిరిగారు. ఆ తర్వాతే మార్చారు. మళ్లీ మళ్లీ రిపోర్టు రాసినా జరగనిది, ఒకసారి కళ్లతో చూస్తే జరిగింది.

రెండుచక్రాలు

సైకిల్ మీద వెళ్లేవాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. రోడ్డులో పాతిన పట్టా పక్కన చక్రం అంచు తిరగడానికి ఒక గాడి ఉంటుంది. సైకిల్ టైరు సరిగ్గా అందులో దిగబడుతుంది. దిగబడిందంటే హ్యాండిల్ మన చేతిలో ఉండదు, మనిషి ముందుకు పడిపోతాడు. వాన పడ్డప్పుడు గాడిలో పడకపోయినా తడి ఇనుము మీద టైరు జారుతుంది. ఎడిన్‌బరాలో 2017లో ట్రామ్ పట్టాల్లో చక్రం ఇరుక్కుని పడి ఒక యువతి ప్రాణం పోయింది. ఆ తర్వాతే కొన్ని కూడళ్లలో సైకిళ్ల దారి మార్చారు.

పట్టాలను వీలైనంత అడ్డంగా, తొంభై డిగ్రీలకు దగ్గరగా దాటాలి. ఏటవాలుగా దాటితే ప్రమాదం. కానీ రోడ్డు అలా దాటనిస్తేనే కదా! లేన్ మలుపు తిరిగే చోట పట్టాలు కూడా అదే దిశలో తిరిగితే సైకిల్‌కు ఏటవాలుగా తప్ప దారే ఉండదు. కొత్త లైన్ మీద అలాంటి చోట్లు గుర్తించి, తెరవకముందే రంగు వేయించి, సైకిల్‌కు పక్కదారి చూపించమని అడగండి. బైకులవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

మెట్లులేనిదారి

నేను వీల్‌చెయిర్‌లో తిరుగుతాను. నా ఇల్లు, నా పని, నా తిరుగుడు మొత్తం ఒక లెక్క మీద ఆధారపడి ఉంటుంది. ప్లాట్‌ఫారం అంచుకూ బండి నేలకూ మధ్య ఎంత సందు, ఎంత ఎత్తు తేడా అన్నదే ఆ లెక్క.

ఫ్రాన్స్‌లోనే గ్రెనోబుల్‌లో 1987లో తెరిచిన ట్రామ్‌కు నేల కిందికి దించి, ప్లాట్‌ఫారంతో సమానంగా చేశారు. వికలాంగుల సంఘాలు పట్టుబట్టి డిజైన్ మార్పించాయి. అంతకుముందు రెండేళ్ల క్రితం నాంట్‌లో వచ్చిన బండికి మెట్లుండేవి. గ్రెనోబుల్ తర్వాత ఆ దేశంలో నేల కిందికి దించిన బండే మెల్లగా మామూలైపోయింది. నాకోసం అడిగినది తోపుడు బండిలో పసిబిడ్డను తోసుకెళ్లే తల్లికీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకూ, పెట్టె లాక్కొచ్చే ప్రయాణికుడికీ పనికొచ్చింది. ఎక్కడం దిగడం తొందరగా అవుతుంది కాబట్టి బండి స్టాపులో ఆగే సమయం కూడా తగ్గింది.

మొదటి నెలల్లో ఏం చూడాలంటే, కాగితం మీద సమానంగా ఉన్న ఎత్తు నిజంగా సమానంగా ఉందా అని. చక్రాలు అరిగేకొద్దీ, జనం నిండేకొద్దీ బండి నేల కొంచెం కిందికి దిగుతుంది. మలుపులో ఉన్న స్టాపులో సందు వెడల్పు అవుతుంది. వీల్‌చెయిర్ ముందు చక్రం చిన్నది, ఆ సందులో ఇరుక్కుంటుంది. ఇంకొకటి, స్టాపు బాగుంటే చాలదు. స్టాపు దాకా వెళ్లే ఫుట్‌పాత్ సంగతి? కూడలి దాటే చోట వాలు ఉందా? రోడ్డు మధ్యలో స్టాపు పెట్టి, అక్కడికి చేరడానికి మెట్ల వంతెన ఒక్కటే పెట్టిన చోట్లు నేను చూశాను. ఎదురుగా బండి కనిపిస్తుంది, ఎక్కలేం. ఆ బాధ మాటల్లో చెప్పలేను.

నీలిగీత

మెట్లులేనిదారి గారూ, ఓపెనింగ్‌కు ముందే ప్రతి స్టాపుకూ వెళ్లి ఫుట్‌పాత్ వాలు, దాటే దారి ఫొటోలు తీసి ఇక్కడే పెడతాను. మీరు చూసి చెబితే దాన్ని పట్టుకుని వినతిపత్రం రాద్దాం.

ఇక బస్సుల సంగతి. లైన్ తెరిచిన రోజు నుంచే అదే రోడ్డు మీద నడిచే బస్సులన్నీ తీసేస్తారని అంటున్నారు. ఇది నాకు భయంగా ఉంది.

పాతపట్టా

భయపడాల్సిందే. ఒట్టావాలో కొత్త లైన్‌తో పాటు పాత బస్సులు మూడు వారాలు నడిపారు, ఆ తర్వాత అక్టోబర్ మొదటి వారంలో దారులన్నీ మార్చేశారు. ఊరి మధ్యకు నేరుగా వెళ్లే బస్సు ఉన్నవాళ్లంతా స్టేషన్ దగ్గర దిగి రైలెక్కాల్సి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే తలుపుల గొడవ మొదలైంది. ఎవరో మూసుకుంటున్న తలుపు పట్టుకుని ఆపారు, తలుపు మొరాయించింది, బండి ఆగింది, వెనకాల బండ్లన్నీ ఆగాయి. ప్లాట్‌ఫారాల మీద జనం కిక్కిరిసిపోయారు. వెనక్కి వెళ్దామంటే బస్సు లేదు. తర్వాత కొన్ని బస్సులు మళ్లీ రోడ్డెక్కించాల్సి వచ్చింది.

లైన్ పక్కనే అదే దారిలో బస్సు నడపడం ఎప్పటికీ సాగించమని నేనూ అనను. ఆ బస్సుల్ని కాలనీల్లోంచి స్టేషన్‌కు తిప్పితే ఎక్కువ మందికి లాభం. కానీ లైన్ నికరంగా నడుస్తోందని కొన్ని నెలల పాటు రుజువయ్యాకే తీయాలి. ఆ నెలల్లో రెండింటికీ అయ్యే ఖర్చును కూడా లైన్ కట్టే ఖర్చులో భాగంగానే చూడాలి.

చక్రం

ఈ మాట మాత్రం నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను. బస్సు దిగి ట్రామ్ ఎక్కాలంటే ఎంత నడవాలన్నది కూడా అడగండి. అదే ప్లాట్‌ఫారంలో ఎదురుగా దిగి ఎక్కితే ఎవరూ గొణగరు. రెండు రోడ్లు దాటి, ఎండలో నడిచి, ఇంకో టికెట్ కొనాలంటే సొంత బండి తీసి బయల్దేరతారు. ఒకే టికెట్టుతో రెండూ ఎక్కనివ్వకపోతే లైన్ ఎంత బాగున్నా సగం ఖాళీగా నడుస్తుంది. నా అభ్యంతరం ట్రామ్ మీద కాదు, ట్రామ్ వచ్చిందని బస్సును చిన్నచూపు చూడడం మీద.

మూలదుకాణం

లైన్ పొడవునా దుకాణాలున్నవాళ్ల తరఫున ఒక మాట. అందరూ ఓపెనింగ్ తర్వాత గురించి మాట్లాడుతున్నారు. మేం అక్కడి దాకా బతికి రావాలి కదా. రోడ్డంతా రేకులు కట్టేసి, ఫుట్‌పాత్ అడుగు వెడల్పు మిగిలితే కొనడానికి ఎవరొస్తారు? సిడ్నీలో జార్జ్ స్ట్రీట్ మీద 2015 అక్టోబర్‌లో పని మొదలైంది, బండి నడిచింది 2019 డిసెంబర్‌లో. అక్కడి దుకాణదారులు నష్టపరిహారం కోసం కోర్టుకెక్కారు.

తెరిచాక వ్యాపారం పెరుగుతుందంటారు. పెరగొచ్చు. కానీ పెరిగేనాటికి అద్దె కూడా పెరుగుతుంది, అప్పటికి ఆ షాపులో ఉండేది మేం కాకపోవచ్చు. కొత్త లైన్ వేసే ప్రతి చోటా పని జరిగే కాలానికి పరిహారం ముందే లెక్కగట్టి పెట్టాలి. ఒక్కో ముక్క తవ్వి, పూర్తి చేసి, రోడ్డు అప్పగించాకే తర్వాతి ముక్క తవ్వాలి. మొత్తం పొడవునా ఒకేసారి తవ్వి పెట్టడం మమ్మల్ని చంపుతుంది.

నీలిగీత

మీరు రాసింది చదివాక వినతిపత్రంలో ఇది కూడా చేరుస్తాను. ఈ లైన్ రెండో దశ ఇంకా మొదలవలేదు, అక్కడైనా పనికొస్తుంది.

తూర్పుకిటికీ

నేను ఎక్కువ రాయను. జపాన్‌లో ఉత్సునోమియా గురించి ఎవరూ చెప్పలేదేమిటా అని చూస్తున్నాను. 14.6 కి.మీ., 19 స్టాపులు, 2023 ఆగస్టు 26న తెరిచారు. ఆ దేశంలో పూర్తిగా కొత్తగా ట్రామ్ లైన్ వేయడం 75 ఏళ్లలో అదే మొదటిసారి. 2022 నవంబర్‌లో ట్రయల్ రన్‌లో ఒక బండి మలుపులో పట్టాలు తప్పింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కారణం వెతికి, సరిచేసి, మళ్లీ పరీక్షించి తర్వాతే తెరిచారు. తేదీ అప్పటికే ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది, అయినా తొందరపడలేదు.

తెరిచాక అక్కడ వచ్చిన ఇబ్బంది చిల్లర దగ్గర. కార్డున్నవాళ్లు ఏ తలుపు దగ్గరైనా తాకించి ఎక్కొచ్చు, దిగొచ్చు. నగదు ఇచ్చేవాళ్లు మాత్రం ముందు తలుపు దగ్గర డ్రైవర్ పక్కన పెట్టెలో వేసి దిగాలి. మొదటి వారాల్లో చూడ్డానికి వచ్చిన జనమంతా నగదుతోనే వచ్చేసరికి బండ్లు ఆలస్యమయ్యాయి. కార్డులు అలవాటయ్యేకొద్దీ అది తగ్గింది. 2024 ఏప్రిల్‌లో టైంటేబుల్ మార్చి ప్రయాణ సమయం తగ్గించారు, కొన్ని స్టాపుల్లో ఆగకుండా వెళ్లే బండ్లు కూడా పెట్టారు. అంటే మొదట నిదానంగా మొదలుపెట్టి, చేతికి వచ్చాక వేగం పెంచారన్నమాట. ఎక్కేవాళ్లు కూడా ముందు వేసుకున్న అంచనా కంటే ఎక్కువే వస్తున్నారు.

రాత్రిబండి

తూర్పుకిటికీ గారు చెప్పిన పద్ధతే డ్రైవర్లుగా మేం కోరుకునేది. మొదటి టైంటేబుల్ వదులుగా ఉండాలి.

శబ్దం గురించి కూడా ఒక మాట చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మొదటి నెలల్లో ఇళ్లవాళ్ల దగ్గర్నుంచి వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా ఇవే. రెండు రకాల మోతలుంటాయి, రెండింటికీ కారణాలు వేరు. ఇరుకు మలుపులో కీచుమని అరుస్తుంది, అది చక్రం పట్టా మీద పక్కకు జారడం వల్ల. పట్టా పక్కన గ్రీజు పెట్టే యంత్రం సర్దితే, పట్టా పైభాగం నునుపు చేస్తే తగ్గుతుంది. తిన్నని దారిలో టకటకటకమని వేగంతో పాటు పెరిగే మోత వస్తే చక్రం మీద చదునుబారిన మచ్చ పడిందని అర్థం. బ్రేకు వేసినప్పుడు చక్రం తిరగకుండా జారితే అలా అవుతుంది. ఆ బండిని డిపోకు తీసుకెళ్లి చక్రాన్ని మళ్లీ గుండ్రంగా చెక్కాలి. ఒట్టావాలో ఆ చెక్కే యంత్రం ఒక్కటే ఉండడంతో బండ్లు వరసలో నిలబడిపోయాయి, రోడ్డు మీద బండ్లు తక్కువ పడ్డాయి. కాబట్టి ఫిర్యాదు రాసేటప్పుడు "శబ్దం భరించలేకున్నాం" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. కీచుమంటోందా, టకటకమంటోందా, అన్ని బండ్లా, ఒకే బండా, ఏ మలుపులో, ఏ వేళ అని రాయండి. బండి నంబరు ముందు అద్దం కింద ఉంటుంది, అది కూడా రాస్తే సాయంత్రానికల్లా డిపోలో ఆ బండిని చూస్తారు.

ఎర్రపచ్చ

సిగ్నళ్లకూ అదే పద్ధతి. కూడలి పేరు, బండి ఎటు వెళ్తోంది, ఎన్ని గంటలకు, రెడ్ దగ్గర ఎన్ని సెకన్లు ఆగింది. ఈ నాలుగూ ఉంటే మా కంట్రోల్ రూంలో లాగ్ తీసి పోల్చి చూడొచ్చు. నీలిగీత గారూ, ఓపెనింగ్ అయిన మొదటి నెల మీరూ, మీతో ప్రయాణించేవాళ్లూ ఇవి రాసి పెట్టుకోండి. ఒకే కూడలి పేరు పదే పదే వస్తే అక్కడి డిటెక్టర్ పనిచేయడం లేదన్నమాట, ముందు దాని మీద రాయండి. ఇక్కడ పెడితే ఏ కూడలితో మొదలుపెట్టాలో నేను చూసి చెబుతాను.